వెనక్కి చూసే చిలక

నేనాడిన అబద్ధాన్ని పట్టుకున్న మొనగాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. మా ఊరి వీధిబడి పంతులుగారు మొదలుకొని న్యూయార్క్ విమానాశ్రయంలో కస్టమ్స్ దొర దాకా అందరికీ చెప్పాను, అందరూ నమ్మారు. నా పెట్టెలో ఇంగువ డబ్బా చూసి ఆ దొర ‘ఇదేమిటి’ అంటే, ‘దయ్యాలకు వేసే ధూపం, మూత తీస్తే మీదే పూచీ’ అన్నాను. ఆయన మూత తీయకముందే వాసన తగిలి, డబ్బాను రెండు చేతులతో నాకే అప్పగించాడు. అదీ నా చరిత్ర. ఈ వారం కథకు కావలసి వచ్చి చెబుతున్నాను గాని గొప్పకు కాదు.

పోయిన వారం మిమ్మల్ని నడివీధిలో, జనం మధ్య నిలబెట్టి వెళ్ళిపోయాను. కాళ్ళు పీకుతుంటాయి. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు ఈలోగా కాఫీ కలుపుకుని రండి.

అది 1983 అక్టోబరు. మాన్‌హట్టన్‌లో కొలంబస్ అవెన్యూకు అడ్డంగా పోయే ఒక వీధిలో, గోధుమరంగు రాతి ఇళ్ళ వరసలో మా ఇల్లు. మా ఇల్లంటే మా అన్నయ్య కూతురు డాక్టర్ ప్రమోద అద్దెకున్న ఇల్లు. నేను, నరసింహ అనేవాణ్ణి, పిల్ల డ్యూటీలతో అలిసిపోతోంది నాలుగు రోజులు వండి పెడదామని వచ్చి, తిరిగి వెళ్ళడం మరచిపోయిన బాబాయిని. ఆ ఇంట్లో మూడో మనిషి నళిని.

నళిని ఎమర్జెన్సీ వార్డులో ప్రమోద చేతికి వచ్చింది. అంతకు రెండు నెలల ముందు, న్యూజెర్సీలో పార్సిప్పనీ అనే ఊరి నుంచి మొగుడూ పెళ్ళాలు సిటీలో ఎవరింటికో భోజనానికి వచ్చిన ఆదివారం అది. కుడి మణికట్టు విరిగింది, కాళ్ళకు చెప్పుల్లేవు. "బాత్‌రూమ్‌లో జారిపడ్డాను" అని చెప్పింది. మొగుడు పక్కన నిలబడి ఉన్నంతసేపూ అదే మాట చెప్పింది. అతను కార్ తీసుకురావడానికి బయటికి వెళ్ళాక మాత్రం వేరే మాట చెప్పింది.

అతని పేరు శ్యామ్‌సుందర్. ఇంజనీరు. గొంతు పెంచి మాట్లాడడు. ఆఫీస్‌కి వెళ్తూ ఇంట్లో ఫోన్ పీకి బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్ళేవాడు. చలికాలం మొదలవగానే భార్య చెప్పులూ బూట్లూ అన్నీ కార్ డిక్కీలో పెట్టి తాళం వేసేవాడు. పార్సిప్పనీలో పాలు కావాలన్నా కార్ ఎక్కాల్సిందే. మంచులో వట్టికాళ్ళతో ఎవరు మాత్రం ఎంత దూరం నడుస్తారు? ఇంటి తలుపుకు ఏనాడూ తాళం వేయలేదు కాబట్టి, పెళ్ళాన్ని బంధించాడని అతన్ని ఎవరూ అనడానికి లేదు.

ప్రమోద ఆ పిల్లను ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితం చెప్పులతోనే వెనక గుమ్మంలోంచి ఇంటికి తీసుకొచ్చింది. బయటివాళ్ళకు పేరు వసుమతి అని చెప్పాం. మాలో మాకు ఒక కట్టుబాటు. నేను బయటి నుంచి "వసుమతీ" అని పిలిస్తే తలుపు తియ్యాలి. "నళినీ" అని పిలిస్తే, గడియ బిగించి, పెరట్లోంచి పొరుగింటి ముసలాయన దగ్గరికి పరుగెత్తాలి. ఆయనకు సంగతి తెలుసు.

సినిమావాళ్ళు రాకపోతే అంతా సవ్యంగానే గడిచేది.

వాళ్ళు తీస్తున్నది నవ్వుల ప్రేమకథ. పెళ్ళి మధ్యలో చర్చిలోంచి పారిపోయి వచ్చిన అమ్మాయి ఈ వీధిలో దాక్కుంటుంది. ఎదురుగా ఉన్న పూలకొట్టు అబ్బాయి ఆమె వెంట పడతాడు. ఆమె ఇల్లుగా వాళ్ళకు మా ఇల్లు నచ్చింది. ఇంటి యజమాని ఊఁ అన్నాడు, మాకు నోరు లేదు.

సినిమావాళ్ళ భూగోళం మన భూగోళం కాదు. ఆ అమ్మాయి మా గుమ్మంలో కుడికాలు పెడితే ఎడమకాలు క్వీన్స్‌లో ఒక గోడౌన్‌లో పడుతుంది. ఆమె గది సెట్ అక్కడ వేశారు. గది కిటికీలోంచి కనపడే నది బ్రూక్లిన్‌ది. మా ఎదురుగా చెప్పులు బాగుచేసే దుకాణానికి రంగు అట్టలు కొట్టి పూలకొట్టు చేశారు. అక్టోబరులో వసంతం కావాలని చెట్లకు కాగితం పూలు కట్టారు. మా ఇంటి నంబరు మార్చేశారు. మా ఓక్ చెక్క తలుపు మరీ ముసలిదని కెమెరాకు నచ్చలేదట. పగలు దాన్ని విప్పి పక్కన పెట్టి, నీలం రంగు వేసిన పల్చటి చెక్క తలుపు బిగించి, సాయంత్రం మళ్ళీ మాది మాకు పెట్టి పోయేవాళ్ళు. తలుపా అది, అప్పడం. లోపల చెంచా కింద పడితే వీధిలోకి వినపడేది.

ఇక నళిని పొరపాటు. అమెరికాలో ఇంకే ఆడపిల్లా చేయని పొరపాటు. బయట తిరగొద్దన్నాం, కిటికీలో నిలబడొద్దన్నాం, అన్నింటికీ బుద్ధిగా తలూపింది. తెల్లారగానే మాత్రం మెట్ల కింద ఇన్ని నీళ్ళు చల్లి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, లోపలికి వచ్చేసేది.

"బోసి గుమ్మం చూస్తే లోపల ఎవరో పోయినట్టుంటుంది బాబాయ్‌గారూ" అంది.

వీధి లేవకముందే కదా అని మేమూ ఊరుకున్నాం. మెలికల ముగ్గు, మెలికల నడుమ ఒక చిలక. మెడ వెనక్కి తిప్పి ఇంటివైపు చూసే చిలక. వాళ్ళ అమ్మమ్మ సొంతంగా కల్పించిందట. అలాంటి చిలక వాళ్ళ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదని మహా గొప్పగా చెప్పింది. ఆ గొప్పే మా ప్రాణం మీదికి వచ్చింది.

షూటింగ్ మొదటిరోజు, ఆ ముగ్గు చెరగకముందే కెమెరా వచ్చి కూర్చుంది. హీరోయిన్ దాన్ని దాటి మెట్లెక్కింది. డైరెక్టర్‌కు తెగ నచ్చింది. సినిమాలో ఒక చట్టముంది. మొదటి ముక్కలో కనపడ్డది రెండో ముక్కలోనూ కనపడాలి, లేకపోతే పరువు పోతుంది. అది చూసుకోవడానికే రూత్ అని ఒకావిడ, తీసిన వెంటనే ఫొటో బయటికొచ్చే పోలరాయిడ్ కెమెరా మెడలో వేలాడేసుకుని తిరిగేది. ఇక షూటింగ్ ఉన్నన్ని రోజులూ అదే ముగ్గు, అదే చిలక, ఒక్క మెలిక తేడా రాకూడదు. దాక్కున్న పిల్ల రోజూ తెల్లారి లేచి వీధిలో తన గుర్తు వేసి రావలసి వచ్చింది.

ఆ ఆదివారం పేపర్లో ఫొటో పడింది. ‘ఈ సినిమా ఎక్కడ తీస్తున్నారో చూసొద్దాం రండి’ అని వీధి పేరుతో సహా వేశారు. మెట్ల మీద హీరోయిన్ నవ్వుతోంది. ఆమె కాళ్ళ దగ్గర చిలక వెనక్కి చూస్తోంది.

మర్నాడు, సోమవారం మధ్యాహ్నం. జనాన్ని ఆపడానికి పెట్టిన నీలం చెక్క అడ్డాల వెనక, అందరూ హీరోయిన్ ఎటు పోయిందా అని చూస్తుంటే ఒక్కడు మాత్రం నేలను చూస్తున్నాడు. నళిని పర్సులో ఫొటోలో ఉన్న ముఖం. పోయిన వారం అక్కడ ఆగాం.

మరీ అంత భయపడకండి. వీధి మూలన గుర్రం మీద పోలీసు ఒకడున్నాడు. ఎర్ర మీసాలు. గుర్రానికి నుదుట తెల్ల మచ్చ. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.

*

అతను అడ్డం కింద నుంచి వంగి ఇవతలికి వచ్చాడు. ఎవరూ ఆపలేదు. ఇస్త్రీ చొక్కా, టై, చేతిలో కాగితం సంచీ. ఆఫీసు మనిషిలా ఉన్నవాణ్ణి ఈ దేశంలో ఎవరాపుతారు? పైగా భోజనాల వేళ, సినిమావాళ్ళంతా వ్యాన్ దగ్గర శాండ్‌విచ్‌ల మీద పడి ఉన్నారు.

నేను మెట్ల పక్కన మడత కుర్చీలో కూర్చుని ఉన్నాను. అది నా ఉద్యోగం. కుక్కలూ కాళ్ళూ ముగ్గు తొక్కకుండా చూడమని రూత్ ఇచ్చిన కుర్చీ అది. ఉదయమంతా ఆ అప్పడం తలుపు వెనక నుంచి నళిని నాతో కబుర్లాడుతూనే ఉంది. వంకాయ కూరలో కారం ఎక్కువైందని నన్ను ఏడిపించింది కూడా. పొద్దున్నే పేపర్ సంగతి తెలిసి, "ఇవాళ ముగ్గు వద్దమ్మా" అన్నాను.

"వేయకపోతే ఎందుకు వేయలేదని వాళ్ళే వచ్చి తలుపు కొడతారు బాబాయ్‌గారూ. వేసేసి లోపలుంటేనే నయం" అంది.

ప్రమోద కూడా ఆస్పత్రికి వెళ్తూ, "రేపటితో అయిపోతుంది బాబాయ్, ఒక్క రోజు ఓపిక పట్టు" అని వెళ్ళింది. అందరం తెలివైనవాళ్ళమే.

అతను దగ్గరికి వచ్చాడు. నా భయమంతా ఒక్కటే. ఈ పిల్ల లోపలి నుంచి ‘బాబాయ్‌గారూ’ అని ఎక్కడ పిలుస్తుందోనని.

"మాస్టారూ, తెలుగువారా?" అన్నాడు.

"అబ్బే, కాదండీ" అన్నాను. తెలుగులో.

అతను నవ్వాడు. "నేనూ కాదు లెండి" అన్నాడు. అది కూడా మెత్తగానే అన్నాడు. ఆ గొంతు నా చెవి దాకా వచ్చింది గాని మెట్లెక్కి తలుపు దాకా పోలేదు.

నా మొదటి దెబ్బ గురి తప్పింది, అయినా తమాయించుకున్నాను. తడబడ్డ చోటే లేచి నిలబడాలి.

"ముగ్గు బాగుంది" అన్నాడు.

"సినిమావాళ్ళది బాబూ. ఇక్కడ కనపడేవన్నీ వాళ్ళవే. ఆ చెట్ల మీద పూలు చూశారా? కాగితం. ఆ పూలకొట్టు లోపలికి వెళ్తే చెప్పులకు మేకులు కొట్టే మనిషి ఉంటాడు. ఈ ఇంటి నంబరు ఉత్తది. ఆ తలుపు ఉత్తది. తెరిచారనుకోండి, క్వీన్స్‌లో తేలతారు."

"ముగ్గు కూడానా?"

"అదీ అంతే. కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు బొమ్మల పుస్తకంలో చూసి సుద్దతో గీశాడు. ఆ మాటకొస్తే నేనూ ఉత్తవాణ్ణే. ఇండియా తాతయ్య వేషం."

ఇంత అందమైన అబద్ధం నేను మళ్ళీ ఆడలేదు. ముప్పాతిక నిజం, పాతిక అబద్ధం. దోసెపిండి పాళ్ళలా కుదిరింది. అతను తలూపాడు. ఒక్క క్షణం, వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడనే అనుకున్నాను.

అతను గొంతుక్కూర్చున్నాడు. చూపుడువేలు తడి చేసుకుని, చిలక రెక్క చివర అద్ది, నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఇక్కడ సుద్ద తియ్యగా ఉంటుందా బాబాయిగారూ?" అన్నాడు. "బియ్యప్పిండిలా ఉందే."

ఈ కథ మొదట్లో మొనగాడు పుట్టలేదన్నాను కదా, ఆ వాక్యం కొట్టేసుకోండి. పుట్టాడు, పెరిగాడు, ఇంజనీరింగ్ చదివాడు, నా ఎదుట గొంతుక్కూర్చుని నా అబద్ధాన్ని చప్పరిస్తున్నాడు. చీమలూ పిచ్చుకలూ తినాలని నళిని బియ్యప్పిండి తప్ప వేసేది కాదు. అంతటి సుద్ద అబద్ధం చెప్పిన నాకు, వేసింది పిండి అన్న సంగతే గుర్తు రాలేదు. మా పంతులుగారు బతికుంటే చెవి మెలిపెట్టి ఉండేవారు.

అతను మాత్రం నా వైపు చూడటం లేదు. ముగ్గుమీదే వేలు ఆడిస్తున్నాడు, ముట్టుకోకుండా, గీత వెంబడి.

"ఇదిగో, ఈ మెలిక దగ్గర గీత వణికింది. ఇదివరకు వణికేది కాదు. చెయ్యి ఇంకా నొప్పి పెడుతోందేమో పాపం. మీరు కాస్త బరువులు ఎత్తనివ్వకండి."

అరిచేవాణ్ణి నేను చూశాను, కర్ర ఎత్తేవాణ్ణి చూశాను. విరిచిన చేతి గురించి ఇంత జాలిగా మాట్లాడేవాణ్ణి అదే చూడటం. మూలకు చూశాను. ఎర్ర మీసాల పోలీసు గుర్రం మెడ నిమురుతున్నాడు. పిలిస్తే పలికే దూరమే, అనుకున్నాను.

"ఎవరి గురించి మాట్లాడుతున్నావు నాయనా? ఇక్కడ ఎవరూ లేరు" అన్నాను.

అతను కాగితం సంచీ మూతి తెరిచి నాకు చూపించాడు. ఆడవాళ్ళ చెప్పులు. గోధుమరంగు తోలు చెప్పులు, మంచుబూట్లు, అరిగిపోయిన ఎర్ర హవాయి జత. తోలు జతకు మెరుగు పెట్టి ఉంది.

"చలి వచ్చేస్తోంది. చెప్పుల్లేకుండా వచ్చేసింది. మర్చిపోయిందేమోనని తెచ్చాను" అన్నాడు.

"వెళ్ళిపో బాబూ."

"నేను అరవను బాబాయిగారూ. అరిచే మనిషిని కాను. కావాలంటే తననే అడగండి, ఒక్కసారైనా అరిచానేమో."

ఆ మాట నిజమే. నళిని కూడా అదే చెప్పింది.

"ఈ సినిమా కథ పేపర్లో రాశారు" అని అతనే అందుకున్నాడు. "చెప్పకుండా వెళ్ళిపోయిన అమ్మాయిని అబ్బాయి వదలడు. వద్దన్నా వస్తాడు. పొమ్మన్నా రోజూ వచ్చి ఈ మెట్ల మీదే కూర్చుంటాడు. చివరికి తలుపు తెరుచుకుంటుంది. హాల్లో అందరూ చప్పట్లు కొడతారు. అదే పని నేను చేస్తే మీరు కుర్చీ అడ్డం వేసుకుని కూర్చున్నారు. ఏం న్యాయం చెప్పండి?"

దీనికి జవాబు ఇప్పుడైతే ఉంది. పూలకొట్టు అబ్బాయి పూలే తెచ్చాడు నాయనా, ఆ పిల్ల చెప్పులు దాచి పెట్టుకుని మళ్ళీ ఆ చెప్పులే కానుకగా తేలేదు. కాని జవాబులు ఎప్పుడూ ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాకే వస్తాయి.

అతను లేచాడు. లేస్తూ లేస్తూ బూటుకాలు చిలక తోక మీద పెట్టాడు. చూసుకోక కాదు. పెట్టి, మడమ కొంచెం తిప్పి తీశాడు.

సరిగ్గా అప్పుడే రూత్ శాండ్‌విచ్ నములుతూ వచ్చింది. ఆవిడ ఇంగ్లీషును నా తెలుగులో చెబుతాను, సర్దుకోండి.

"నరసిమ్మా! చిలక తోక ఏమైంది? నిన్ను కాపలా పెట్టి ఏం లాభం!"

"తప్పు నాది మేడమ్" అని శ్యామ్‌సుందర్ ముందుకొచ్చాడు. ఎంత చక్కని ఇంగ్లీషు! "తొందరలో చూసుకోలేదు. ఈ ముగ్గు వేసేది నా భార్య. తనను చూసి చాలా రోజులైంది. ఉద్యోగాలు, దూరాలు, మీకు తెలియందేముంది. సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పకుండా వచ్చాను."

రూత్ నమలడం ఆపేసింది. "వసు నీ భార్యా!"

అతను ఆ పేరు విని రెప్ప వాల్చి ఎత్తినంతసేపు ఆగాడు. అంతే.

"అవును. వసు" అన్నాడు.

రూత్ కళ్ళు మెరిశాయి. ఏడాదికి రెండు ప్రేమకథలు తీసేవాళ్ళు, వాళ్ళకు తలుపు దగ్గర మగాడు నిలబడితే ముచ్చటే తప్ప ఇంకేమీ తోచదు.

నేను కుర్చీలోంచి లేచాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాను. "నో, రూత్! నో! బ్యాడ్ మ్యాన్! హ్యాండ్ బ్రేక్! నో ఓపెన్!"

రూత్ నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది.

నవ్వదా మరి? వచ్చిన దగ్గర్నుంచి ఆవిడను నేను నవ్విస్తూనే ఉన్నాను. చిన్నప్పుడు ఏనుగు మీద బడికి వెళ్ళేవాణ్ణన్నాను. ఆ ఏనుగు నాకంటే ముందు పాసైందన్నాను. మొన్నటికి మొన్న, పొరుగింటి ముసలాయన రష్యా గూఢచారి అని, ఆయన పిల్లి మెడలో వైర్‌లెస్ ఉందని చెబితే, పాపం ఆవిడ పిల్లిని చూసిన ప్రతిసారీ సెల్యూట్ చేసేది.

"మొన్న ఆ ముసలాయన గూఢచారి, ఇవాళ ఈయన రౌడీనా! నరసిమ్మా, నిన్ను సినిమాలో పెట్టుకోవాలి" అంది. శాండ్‌విచ్‌లు తింటున్నవాళ్ళు కూడా నవ్వారు. లైట్లవాడు నన్ను చూసి ‘బ్యాడ్ మ్యాన్, బ్యాడ్ మ్యాన్’ అని వెక్కిరించాడు. శ్యామ్‌సుందర్ కూడా నవ్వాడు, పెద్దవాళ్ళ చాదస్తానికి నవ్వినట్టు.

నేను అబద్ధం చెబితే బియ్యప్పిండి పట్టిచ్చింది. నిజం చెబితే ఏనుగు అడ్డొచ్చింది.

"ఉండు ఉండు, వట్టి చేతులతో వెళ్తావా?" అని రూత్ వీధి దాటి పరుగెత్తింది. ఉత్త పూలకొట్టులో ముందు వరస బకెట్ల పూలు మాత్రం నిజమైనవి. తెల్ల గులాబీలు గుప్పెడు తీసుకొచ్చి అతని చేతిలో పెట్టింది. టై సరిచేసింది కూడా, సొంత తమ్ముడికి సరిచేసినట్టు.

ఒక చేతిలో పూలు, ఒక చేతిలో చెప్పుల సంచీ. రూత్ ముందు, అతను వెనక, మెట్లెక్కుతున్నారు. నేను అతని మోచెయ్యి పట్టుకున్నాను. అతను విదిలించలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే, చంటిపిల్లవాడి వేళ్ళు విడిపించినట్టు, నెమ్మదిగా విడిపించాడు. చిటికెన వేలిని మాత్రం ఇంకో కాస్త వెనక్కి వంచి వదిలాడు. ఎవరికీ కనపడలేదు. నేను అరవలేదు. అప్పుడు అర్థమైంది, నళిని ఎందుకు అరిచేది కాదో.

"వసూ! వసూ, బంగారం!" రూత్ వేళ్ళతో ఆ అప్పడం తలుపు మీద దరువు వేసింది. "తోక మళ్ళీ గీయాలమ్మా! నీకోసం ఎవరొచ్చారో చూస్తే ఎగిరి గంతేస్తావు!"

లోపల, వంటింటి వైపు నుంచి అడుగుల చప్పుడు. వట్టి పాదాలు. ఆ పిల్లకు రూత్ గొంతు తెలుసు, ఎవరొచ్చారన్నా సినిమావాళ్ళలో ఎవరో అనుకుంటుంది. రూత్‌కు తప్ప ఇంకెవరికీ, నేను పిలవకుండా, తలుపు తీసేది కాదు. రూత్‌కు తీసేది.

నాకు చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది. ఆ పేరు పిలవాలి. ఆ పేరు వీధిలో పిలవడమంటే, ఇన్ని రోజులుగా నాలిక కింద దాచుకున్న పిల్లను నా నోటితో అతని చేతిలో పెట్టడమే. ముగ్గు వేసి పోయే మనిషని ఇంకా బుకాయించవచ్చు, ఇంట్లో లేదని ఇంకా దబాయించవచ్చు. పిలిచానా, అన్నీ అయిపోయినట్టే. పిలవకపోతే ఆమె తన చేత్తోనే అతనికి తలుపు తీస్తుంది.

తలుపు పిడి కదిలింది. సగం తిరిగింది.

"నళినీ!"

ఆ అరుపు నాదేనా అనిపించింది. కాగితం పూల చెట్ల మీద పావురాలు లేచిపోయాయి. వ్యాన్ దగ్గర నవ్వులు ఆగిపోయాయి. రూత్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

పిడి ఆగింది.

శ్యామ్‌సుందర్ పై మెట్టు మీద నిలబడి, మెడ వెనక్కి తిప్పి నా వైపు చూశాడు. "థాంక్స్ బాబాయిగారూ" అన్నాడు.

పూలు రూత్ చేతికి తిరిగి ఇచ్చేశాడు. వంగి, సంచీలోంచి మెరుగు పెట్టిన తోలు జత తీసి, గుమ్మం ముందు పెట్టాడు. లోపలికి వచ్చేవాళ్ళు విడిచినట్టు కాదు. బయటికి వచ్చేవాళ్ళు తొడుక్కోవడానికి వీలుగా, వీధివైపు తిప్పి, రెండూ సమానంగా సర్ది పెట్టాడు.

"హూ ఈజ్ నలినీ?" అని రూత్ నన్ను అడుగుతోంది. ఆవిడ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, భయం ఇంకా పూర్తిగా రాలేదు. నేను చెవులు రిక్కించి గడియ చప్పుడు కోసం వింటున్నాను. కట్టుబాటు ప్రకారం ముందు గడియ, తరువాత పరుగు. ఆ గడియ ఆమెకు పెరడు దాటేంత వ్యవధి ఇస్తుంది. ఇనుప గడియ, పడితే వీధంతా వినపడుతుంది.

పడలేదు.

ఏం చేస్తోందీ పిల్ల అనుకున్నాను. అప్పుడు మెట్ల పక్కకు చూశాను. గోడకు చేరేసి, దుప్పటి కప్పి, మా ఓక్ తలుపు నిలబడి ఉంది. దుప్పటి కింద నుంచి గడియ చివర మెరుస్తోంది. మా గడియ మా తలుపుకే ఉంది. సినిమావాళ్ళ తలుపుకు గడియ ఎవరు పెడతారు? దాని వెనక ఎవరూ ఉండరు కదా వాళ్ళ లెక్కలో.

ఆ పల్చటి చెక్క వెనక, అతుక్కుంటున్న ఆ మణికట్టుతో నళిని, లేని గడియ కోసం తడుముకుంటోంది. గోళ్ళు చెక్కను గీరుతున్న చప్పుడు నాకు వినపడుతోంది. అతనికీ వినపడింది. అతను అరచెయ్యి తలుపుకు ఆనించాడు. తోయలేదు. ఆనించాడంతే.

ఇప్పుడు మీరంతా వీధి మూలకు చూస్తుంటారని నాకు తెలుసు. ఎర్ర మీసాలాయన ఏం చేస్తున్నాడు, గుర్రం ఎక్కి రాడేం అని.

ఆయన్ని నేను కల్పించాను. మీసాలు నావే, గుర్రమూ నాదే, నుదుటి మచ్చ కూడా నేనే పెట్టాను. మీకు ధైర్యంగా ఉంటుందని పెట్టాననుకోండి. ఇదంతా మళ్ళీ తలుచుకుంటూ రాయాలంటే మూలన ఎవరో ఒకరు లేకపోతే నాకు చెయ్యి ఆడలేదు. మిగతాదేదీ కల్పించలేదు. పిండి, చెప్పులు, తలుపు మీద ఆ అరచెయ్యి, అన్నీ ఉన్నాయి.

మూలన మాత్రం ఎవరూ లేరు.